ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్ అయిందా? ఇంట్లోనే సొంత ఫొటోల బాక్స్ పెట్టుకోవచ్చు.. కానీ ఈ ఒక్క తప్పు చేస్తే మొత్తం పోతాయ్!

పెళ్లి వీడియో, పాప తొలి అడుగులు, తాతయ్యతో దిగిన చివరి ఫొటో.. ఇప్పుడు ఇవన్నీ ఉండేది బీరువాలోని ఆల్బమ్‌లో కాదు, చేతిలోని ఫోన్‌లో. ఆ ఫోన్ బస్సులో పోయినా, బకెట్ నీళ్లలో పడినా ఇక అంతే సంగతులు. పోనీ క్లౌడ్‌లో దాచుకుందామంటే ఉచిత కోటా ఎప్పుడో నిండిపోయింది. అందుకే చాలామందికి వస్తున్న ఆలోచన ఒకటే.. నెల నెలా కిరాయి కట్టే బదులు ఇంట్లోనే సొంత స్టోరేజ్ పెట్టుకుంటే పోలా? దీన్నే నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్, పొట్టిగా ‘నాస్’ అంటారు. ఇదెలా పనిచేస్తుంది? ఏం కొనాలి? ఎక్కడ దెబ్బతినే ప్రమాదం ఉంది? పూర్తి వివరాలు ఇవీ..

ఉచితం ఎప్పుడు పోయింది?

గూగుల్ ఫొటోస్‌లో ఒకప్పుడు ఫొటోలను కాస్త కుదించి పెట్టుకుంటే ఎన్నైనా ఉచితమే. 2021 జూన్ 1 నుంచి ఆ సౌకర్యం ఆగిపోయింది. ఆ తర్వాత ఉచిత కోటా 15 జీబీనే. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ అందులోనే సర్దుకోవాలి. కోటా దాటిపోయి రెండేళ్లు అలాగే వదిలేస్తే అందులోని ఫొటోలు, ఫైళ్లు తొలగించవచ్చని గూగుల్ నిబంధనల్లోనే ఉంది. యాపిల్ ఐక్లౌడ్‌లో అయితే ఉచితం 5 జీబీ మాత్రమే. ఐఫోన్‌లో 4కే వీడియో మామూలు స్పీడ్‌లో తీస్తే నిమిషానికి సుమారు 170 ఎంబీ అవుతుంది. అంటే అరగంట వీడియోకే ఆ 5 జీబీ సఫా!

అసలు నాస్ అంటే ఏంటి?

చిన్న టిఫిన్ బాక్స్ సైజులో ఉండే కంప్యూటర్ అనుకోండి. దానికి స్క్రీన్ ఉండదు, కీబోర్డ్ ఉండదు. లోపల ఒకటో రెండో హార్డ్‌డిస్క్‌లు ఉంటాయి. ఒక కేబుల్‌తో ఇంట్లోని వైఫై రౌటర్‌కు కలిపితే చాలు. ఫోన్లో యాప్ వేసుకుంటే, ఇంటికి రాగానే కొత్త ఫొటోలు వైఫై మీదుగా ఆ బాక్స్‌లోకి వెళ్లిపోతాయి. ఇంట్లో నలుగురుంటే నలుగురికీ వేర్వేరు లాగిన్‌లు ఇవ్వొచ్చు. ఒకరి ఫొటోలు ఇంకొకరికి కనిపించవు. పండగ ఫొటోల్లాంటివి మాత్రం కామన్ ఆల్బమ్‌లో పెట్టుకోవచ్చు.

మూడు దారులు

మొదటిది రెడీమేడ్ బాక్స్. సైనాలజీ, క్యూనాప్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. వీటిలో చాలావరకు బాక్స్ వేరుగా, హార్డ్‌డిస్క్‌లు వేరుగా కొనాలి. ఖర్చు ఎక్కువే కానీ, తలనొప్పి తక్కువ. కొనే ముందు ఆ మోడల్ ఏయే డిస్క్‌లను సపోర్ట్ చేస్తుందో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

రెండోది పాత కంప్యూటర్. మూలన పడున్న డెస్క్‌టాప్‌లో ఓపెన్‌మీడియావాల్ట్, ట్రూనాస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, ఫొటోల కోసం ‘ఇమిచ్’ అనే ఓపెన్ సోర్స్ యాప్ పెట్టుకోవచ్చు. చూడ్డానికి గూగుల్ ఫొటోస్‌లాగే ఉంటుంది. ముఖాలను గుర్తుపడుతుంది, ఏ ఊళ్లో తీసిందో మ్యాప్‌లో చూపిస్తుంది. కాకపోతే ఇన్‌స్టాల్ చేయడానికి, అప్‌డేట్‌లు చూసుకోవడానికి కంప్యూటర్ తెలిసిన మనిషి ఇంట్లో ఉండాలి.

మూడోది ట్రయల్ దారి. కొన్ని వైఫై రౌటర్లకు వెనకాల యూఎస్‌బీ పోర్ట్ ఉంటుంది. అందులో హార్డ్‌డిస్క్ పెట్టి షేర్ చేయొచ్చు. స్పీడ్ తక్కువ, సదుపాయాలూ తక్కువ. ఇంట్లోవాళ్లు నిజంగా వాడతారో లేదో తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

కరెంటు బిల్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి. రెండు డిస్క్‌ల బాక్స్ 20 వాట్లు లాగుతుందనుకుంటే, రోజంతా ఆన్‌లో ఉన్నా నెలకు 14 యూనిట్ల దాకా అవుతుంది. అదే పాత డెస్క్‌టాప్ 60 వాట్లు లాగితే 43 యూనిట్లు దాటుతుంది.

ఎన్ని టీబీ కావాలి?

ఒక లెక్క చూడండి. ఇంట్లో నలుగురు, ఒక్కొక్కరు రోజుకు 10 ఫొటోలు.. ఫొటో 4 ఎంబీ అనుకుంటే ఏడాదికి సుమారు 58 జీబీ. అందరూ కలిపి రోజుకు రెండు నిమిషాల 4కే వీడియో తీస్తే మరో 124 జీబీ. మొత్తం ఏడాదికి 180 జీబీ పైచిలుకు. పదేళ్లకు 1.8 టీబీ. అంటే మామూలు కుటుంబానికి 4 టీబీ డిస్క్ సరిపోతుంది. స్క్రీన్‌పై 3.6 అని కనిపిస్తే షాపువాడు మోసం చేశాడనుకోవద్దు. డిస్క్ కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, చాలా కంప్యూటర్లు 1,024 చొప్పున లెక్కేస్తాయి. అంతే తేడా.

డిస్క్ కొనేటప్పుడు అది ‘సీఎంఆర్’ రకమా, ‘ఎస్ఎంఆర్’ రకమా అని అడగండి. నాస్‌కు సీఎంఆర్ మంచిది. ఎస్ఎంఆర్ డిస్క్‌లు పాత డేటాపై తిరిగి రాసేటప్పుడు బాగా నెమ్మదిస్తాయి.

అందరూ చేసే తప్పు ఇదే!

రెండు డిస్క్‌లు పెట్టి ‘రెయిడ్ 1’ సెట్ చేస్తే, ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ రాస్తుంది. ఒక డిస్క్ చెడిపోయినా రెండోది పనిచేస్తుంటుంది. దీంతో చాలామంది ‘ఇంకేం.. రెండు కాపీలున్నాయిగా’ అని ఫోన్లో ఉన్నవన్నీ డిలీట్ చేసేస్తారు. ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

ఎందుకంటే రెయిడ్ బ్యాకప్ కాదు. పిల్లాడు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్క్‌లలోనూ ఒకేసారి పోతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే రెండింటికీ పడుతుంది. దొంగ బాక్స్ ఎత్తుకెళ్తే రెండూ వెళ్తాయి. వరదొస్తే రెండూ మునుగుతాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి పరిస్థితిలో కింది అంతస్తులో టీవీ పక్కన పెట్టిన బాక్స్‌లో ఎన్ని డిస్క్‌లుంటే ఏం లాభం?

ఫోన్లోంచి తీసేసిన మరుక్షణం ఆ బాక్స్‌లోదే ఒరిజినల్ అవుతుంది. ఒరిజినల్‌కు మరో కాపీ ఉంటేనే దాన్ని బ్యాకప్ అనాలి.

3-2-1.. గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మొత్తం 3 కాపీలు, 2 రకాల స్టోరేజ్‌లో, అందులో 1 ఇంటి బయట. మన ఇళ్లకు ఇది కష్టమేం కాదు. ఫోన్లో ఉన్నది ఒకటి, నాస్‌లో ఉన్నది రెండోది. మూడోది ఒక యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి ఊళ్లో అమ్మానాన్నల దగ్గరో, అక్కావాళ్లింట్లోనో పెట్టాలి. పండక్కి వెళ్లినప్పుడల్లా అది తెచ్చుకుని, కొత్తవి ఎక్కించి, మళ్లీ వెళ్లినప్పుడు ఇచ్చి రావచ్చు. ఇలాంటి డిస్క్‌లు రెండు పెట్టుకుని మార్చుకుంటూ ఉంటే ఇంకా మంచిది. ఫోన్లోంచి ఫొటోలు తీసేయాలంటే మాత్రం ఆ మూడో కాపీ సిద్ధమయ్యాకే తీసేయాలి.

దీంతోపాటు నాస్‌లో ‘స్నాప్‌షాట్’ ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. నిన్నటి స్థితి, మొన్నటి స్థితి అది గుర్తుపెట్టుకుంటుంది. పొరపాటున డిలీట్ చేసినవి తిరిగి తెచ్చుకోవచ్చు. ఇమిచ్ వాడేవాళ్లు ఇంకో విషయం మర్చిపోవద్దు. ముఖాలకు పెట్టిన పేర్లు, ఆల్బమ్‌లు డేటాబేస్‌లో ఉంటాయి. ఫొటోలతో పాటు దాన్నీ బ్యాకప్ తీసుకోవాలి.

సెట్ చేసేటప్పుడు జాగ్రత్తలు

- బాక్స్‌ను నేల మీద కాకుండా, గాలి ఆడే ఎత్తైన షెల్ఫ్‌లో పెట్టాలి. రౌటర్‌కు వైఫైతో కాకుండా కేబుల్‌తోనే కలపాలి.
- యూపీఎస్ తప్పనిసరి. కరెంటు టక్కున పోతే రాస్తున్న ఫైల్ పాడవ్వచ్చు. నాస్‌కు యూఎస్‌బీతో కలిసే యూపీఎస్ అయితే, బ్యాటరీ అయిపోయేలోపే బాక్స్ దానంతటదే పద్ధతిగా ఆఫ్ అవుతుంది.
- రౌటర్‌లో నాస్‌కు ఒకే ఐపీ అడ్రస్ ఉండేలా సెట్ చేయాలి. లేదంటే రౌటర్ రీస్టార్ట్ అయ్యాక యాప్‌కు బాక్స్ దొరక్కపోవచ్చు.
- మొదటిసారి ఎక్కించేటప్పుడు ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టి రాత్రంతా వదిలేయాలి. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ సేవింగ్ తీసేయాలి. ఐఫోన్‌లో యాప్ వెనకాల ఉంటే అప్‌లోడ్ ఆగిపోతుంటుంది, అప్పుడప్పుడు తెరిచి చూడాలి.
- ఐఫోన్‌లో ‘ఆప్టిమైజ్ స్టోరేజ్’ ఆన్‌లో ఉంటే కొన్ని ఒరిజినల్స్ ఐక్లౌడ్‌లోనే ఉంటాయి, ఫోన్లో చిన్న సైజువే మిగులుతాయి. బాక్స్‌లోకి ఒరిజినల్సే వెళ్లాయో లేదో సైజు చూసి నిర్ధారించుకోండి.

గూగుల్‌లో ఉన్న పాత ఫొటోల సంగతేంటి?

గూగుల్ ఫొటోస్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కి ఉంటే ఆ ఫొటోలు ఇప్పుడు ఫోన్లో లేవు. కాబట్టి నాస్ యాప్‌కు అవి కనిపించవు. వాటిని ‘గూగుల్ టేకౌట్’ ద్వారా జిప్ ఫైళ్లుగా దించుకోవాలి. ఇక్కడో చిక్కుంది. తేదీ, ఊరు లాంటి వివరాలు కొన్ని ఫొటో పక్కన విడిగా జేసన్ ఫైల్‌లో వస్తాయి. ఫొటోలు మాత్రమే కాపీ చేస్తే కొన్నింటికి దించుకున్న రోజే తేదీగా పడొచ్చు. ఇమిచ్ వాడేవాళ్లకు ‘ఇమిచ్-గో’ అనే ఉచిత టూల్ ఈ రెండింటినీ కలిపి ఎక్కిస్తుంది. అన్నీ వచ్చాయని తేలేదాకా గూగుల్‌లో ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు.

అమెరికాలో ఉన్న పిల్లలు ఎలా చూడాలి?

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో క్వాలిటీ తగ్గిపోతుంది. నాస్‌లో అయితే ఆల్బమ్‌కు లింక్ తయారుచేసి, పాస్‌వర్డ్, గడువు తేదీ పెట్టి పంపొచ్చు. డాలస్‌లో ఉన్న కొడుకు ఒరిజినల్ క్వాలిటీలోనే దించుకుంటాడు. అయితే ఎంత వేగంగా దిగుతుందనేది ఇంట్లోని నెట్ అప్‌లోడ్ స్పీడ్‌ను బట్టి ఉంటుంది. 40 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు దాదాపు 5 ఎంబీ. 20 జీబీ పెళ్లి వీడియో వెళ్లడానికి గంటకు పైనే పడుతుంది.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. చాలా ఇంటర్నెట్ కంపెనీలు అనేక ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ అడ్రస్ వాడతాయి. దీన్ని సీజీనాట్ అంటారు. అందువల్ల యూట్యూబ్‌లో చూపించే ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ చాలా ఇళ్లలో పనిచేయదు. ఒకరకంగా అదే మంచిది! టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ నెట్‌వర్క్ యాప్‌ను నాస్‌లో, కుటుంబ సభ్యుల ఫోన్లలో వేస్తే బయటి ప్రపంచానికి తలుపు తెరవకుండానే పని జరుగుతుంది. సైనాలజీలో అయితే ‘క్విక్‌కనెక్ట్’ ఉంది.

తలుపు తెరిస్తే ఏమవుతుందో ఇప్పటికే తేలింది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ పాత మోడల్ ‘మై బుక్ లైవ్’ వాడుతున్న ఎంతోమంది ఒకరోజు చూసేసరికి డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆ డివైజ్‌కు 2015 తర్వాత అప్‌డేట్‌లే లేవు. ఇంటర్నెట్ నుంచి తీసేయండని కంపెనీయే చెప్పాల్సి వచ్చింది. 2022 జనవరిలో ‘డెడ్‌బోల్ట్’ ర్యాన్సమ్‌వేర్ నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ బాక్స్‌లలోకి దూరి, ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగింది. అందుకే ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్ చేయాలి, ‘అడ్మిన్’ అనే పాత లాగిన్ ఆపేయాలి, ఓటీపీ లాంటి రెండో తాళం పెట్టుకోవాలి.

చివరి పరీక్ష.. చాలామంది చేయనిది

బ్యాకప్ ఉందనుకోవడం వేరు, అందులోంచి ఫొటో తెరుచుకోవడం వేరు. ఏడాదికి రెండుసార్లు, ఉగాదికి ఒకసారి, దీపావళికి ఒకసారి.. ఊళ్లో ఉన్న డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి, ఓ పది పాత ఫొటోలు, రెండు వీడియోలు తెరిచి చూడండి. ఓపెన్ అయితేనే బ్యాకప్ ఉన్నట్టు.

ఇంకొక్క మాట. ఇదంతా సెట్ చేసే మనిషి ఇంట్లో సాధారణంగా ఒక్కరే ఉంటారు. వారికేమైనా అయితే పాస్‌వర్డ్ తెలియక మిగతావాళ్లు ఆ డబ్బా వైపు చూస్తూ కూర్చోవాల్సిందే. డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ తాళం వేసి ఉంటే, ఆ తాళం లేకుండా కంపెనీ కూడా తెరవలేదు. అందుకే లాగిన్, పాస్‌వర్డ్, ఏ డిస్క్ ఎవరింట్లో ఉంది.. ఈ మూడూ ఒక కాగితంపై రాసి, ఇంటి పత్రాలు, బ్యాంక్ పాస్‌బుక్‌లు ఉండే చోటే బీరువాలో పెట్టండి. అది అక్కడుందని ఇంట్లో ఇంకొకరికి ఈ రోజే చెప్పండి.