ఏడుగురూ ఎక్కాక

కారు కొనేముందు షోరూమ్ వాళ్లు తిప్పి చూపించే బండిలో మహా అయితే ముగ్గురుంటారు. స్టీరింగ్ దగ్గర కొనబోయే ఆయన, పక్కన భార్యో తమ్ముడో, వెనక సేల్స్ కుర్రాడు. డిక్కీ ఖాళీ. ఏసీ ముందే వేసి చల్లబరిచి ఉంచుతారు. నున్నటి తారు రోడ్డు మీద అలా వెళ్లి ఇలా వచ్చేసరికి "ఏం పికప్ అండీ!" అనేస్తాం. ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ విషయంలో ఆ చక్కరు చెప్పేది చాలా తక్కువ. ఇంటిల్లిపాదీ ఎక్కి, సంచులు కుక్కుకుని తిరుమలకో పాడేరుకో బయల్దేరినప్పుడు అదొక బండి. మిగతా రోజుల్లో ఒక్క మనిషిని మోస్తూ అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి కదిలేటప్పుడు ఇంకో బండి. దాన్ని తూచాల్సింది ఈ రెండు కొసల దగ్గరే అని నా అభిప్రాయం.

ఉదాహరణకు మహీంద్రా స్కార్పియో-ఎన్‌ను తీసుకుందాం. 2022 జూన్‌లో వచ్చింది. తెలుగు నేల మీద ఏ మండల కేంద్రంలో నిలబడినా ఒకటి కనబడుతుంది. పైగా పాత పద్ధతిలో నిచ్చెనలాంటి ఇనుప చట్రం మీద బాడీ కూర్చోబెట్టిన బండి కాబట్టి ఇంజినీర్లు ఎక్కడ రాజీపడ్డారో తేలిగ్గా కనబడుతుంది. పొడవు 4,662 మిల్లీమీటర్లు, వెడల్పు 1,917, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2,750. డీజిల్ ఇంజిన్ 2,184 సీసీ. పై వేరియంట్లలో 175 హార్స్‌పవర్, ఆటోమేటిక్ గేర్లతో 400 న్యూటన్ మీటర్ల టార్క్. టయోటా ఫార్చ్యూనర్‌దీ ఇదే కులం, ధర మాత్రం చాలా పైన. టాటా సఫారీకి చట్రమూ లేదు, వెనక చక్రాలకు ఇంజిన్ బలమూ అందదు.

ఇప్పుడు జనాన్ని ఎక్కిద్దాం. ఖాళీ బండే రెండు టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. ఏడుగురు మనుషులు, పెట్టెలు, మంచినీళ్ల క్యాను, ఊరగాయ జాడీలు కలిపితే 2,600 కిలోలు అనుకోండి. వంద మీటర్లకు ఆరు మీటర్లు ఎత్తు పెరిగే ఘాట్ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఈ బరువును లాగడానికి కావలసింది ఎంత? లెక్క కడితే దాదాపు 30 హార్స్‌పవర్. అంతే! మరి 175 ఎందుకంటే, హెయిర్‌పిన్ మలుపులో దాదాపు ఆగిపోయి మళ్లీ వేగం అందుకోవడానికి, ముందు పాకుతున్న ఆర్టీసీ బస్సును దాటడానికి. అలాంటి చోట గరిష్ఠ బలం ఎంతని కాదు, తక్కువ చుట్లలో ఎంత బలం దొరుకుతుందని చూడాలి. ఈ ఇంజిన్ నిమిషానికి 1,750 చుట్ల దగ్గరే 400 న్యూటన్ మీటర్లు ఇస్తుంది కాబట్టి అక్కడికే సుమారు 100 హార్స్‌పవర్ చేతికి వచ్చేస్తుంది.

ఇది డీజిల్ మహిమ అని చాలామంది నమ్మకం. సగమే నిజం. డీజిల్ ఇంజిన్ ఉత్త గాలినే పీల్చి సుమారు పదహారో వంతుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది, అందులోకి చిమ్మిన డీజిల్ స్పార్క్ ప్లగ్గు అవసరం లేకుండానే అంటుకుంటుంది. అంత నొక్కబట్టే ఇంధనంలోని శక్తిలో పెట్రోల్ ఇంజిన్ కన్నా ఎక్కువ వాటాను పనిగా మార్చగలదు. కానీ కింది చుట్లలో దొరికే బలం ఎక్కువగా, గాలిని ఒత్తి సిలిండర్లలోకి నింపే టర్బో పుణ్యం. ఇదే బండి టర్బో పెట్రోల్ 203 హార్స్‌పవర్, 380 న్యూటన్ మీటర్లు ఇస్తోంది. మైలేజీ తేడాలో కూడా కొంత వాటా ఇంజిన్‌ది కాదు: లీటరు డీజిల్ బరువెక్కువ, అందులో శక్తి పెట్రోల్ కన్నా పది శాతం పైచిలుకు ఎక్కువ. ఇవన్నీ తీసేసినా దూరాలు తిరిగేవాళ్లకు డీజిల్‌తో మిగిలేది ఉంది. కాదనను.

ఎక్కడం కన్నా దిగడమే కష్టం. తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు దాదాపు 700 మీటర్లు. 2,600 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి 18 మెగాజౌళ్లు పడతాయి, అంటే అరలీటరు డీజిల్‌లో ఉండే శక్తి. ఇంజిన్ మూడో వంతు కన్నా కాస్త ఎక్కువే పనిగా మార్చగలదు కనుక కేవలం ఎత్తుకు ఖర్చయ్యేది లీటరున్నర లోపు. దిగేటప్పుడు ఆ 18 మెగాజౌళ్లూ ఎక్కడో ఒకచోట వేడిగా మారి తీరాలి. నాలుగు బ్రేకు డిస్కుల్లో కలిపి 40 కిలోల ఇనుముందనుకుని, ఆ వేడంతా అందులోకే పోయి గాలికి ఏమాత్రం చల్లారలేదనుకుంటే, ఇనుము 950 డిగ్రీలకు పైగా వేడెక్కాలి. నిజానికి గాలి తగులుతూనే ఉంటుంది, అంత దూరం పోదు. అయినా కొండ మొదలు నుంచి చివరి దాకా కాలు బ్రేకు మీదే పెట్టి దిగే బండి దగ్గర కాలిన వాసన ఎందుకొస్తుందో ఈ లెక్క చెబుతుంది. అందుకే ఆటోమేటిక్ కొనేవాళ్లు గేరును చేత్తో కిందికి దించుకునే వీలుందా, దించితే ఆ గేరులో నిలకడగా ఉంటుందా అని అడగాలి. సన్‌రూఫ్ గురించి అడిగినంత శ్రద్ధగా అడగాలి.

ఇక రెండో కొస, ఊళ్లో ఒంటరి ప్రయాణం. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్‌6 నిబంధనలు డీజిల్ కారు విడిచే నుసిని కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు తగ్గించాయి. అది సాధ్యమైంది సైలెన్సర్ దారిలో పెట్టిన డీపీఎఫ్ అనే వడపోత గూడు వల్ల. సన్నటి పింగాణీ గోడల్లో మసి చిక్కుకుంటుంది. చిక్కినదాన్ని ఎప్పటికప్పుడు కాల్చి బూడిద చేయాలి, అందుకు 600 డిగ్రీల దాకా వేడి కావాలి. హైవే మీద పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా పోతే ఆ పని దానంతటదే జరిగిపోతుంది. ఇంటి నుంచి ఆఫీసుకు ఐదు కిలోమీటర్లు, అందులో సగం సేపు సిగ్నళ్ల దగ్గర నిలబడి ఉంటే గూడు వేడెక్కేలోపే తాళం తీసేస్తాం. మసి పేరుకుంటుంది. దాన్ని కాల్చడానికి ఇంజిన్ అదనంగా చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకుండా పెరిగితే సంతోషించకండి, సర్వీసుకు తీసుకెళ్లండి. నెలలో ఒక్కసారైనా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కని ఇంటికి ఈ రోజుల్లో డీజిల్ బండి కొనమని నేను చెప్పను.

ఇక తారు రోడ్డు దిగి పోయే దారుల సంగతికొద్దాం. మనకు కావలసింది హిమాలయాల విన్యాసాలు కావు. మామిడి తోటకు పోయే బండ్ల బాట, వానకు నానిన నల్లరేగడి, ఏజెన్సీ గ్రామాల ఎర్రమట్టి దారి, ఏటి ఒడ్డు ఇసుక. మామూలు బండి వీటిలో ఎందుకు దిగబడుతుందంటే, కారణం డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దే పళ్లచక్రాల పెట్టె రెండు వైపులకూ ఎప్పుడూ సమానమైన టార్కే పంచుతుంది. ఒక చక్రం బురదలో జారిందంటే దానికి అక్కరపడే టార్క్ సున్నాకు దగ్గర, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే దక్కుతుంది. స్కార్పియో-ఎన్ ఫోర్ వీల్ డ్రైవ్ వేరియంట్లలో వెనక డిఫరెన్షియల్ ఇలాంటి చోట తనంతట తానే లాక్ అవుతుంది. ముందు వైపు జారే చక్రాన్ని బండే బ్రేకు పట్టి ఆపుతుంది. తక్కువ వేగపు గేర్ల వరస కూడా ఉంది. అయితే ఇవన్నీ కదలడానికే, ఆగడానికి కాదు. నల్లరేగడిలోని బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బి టైరు గాళ్లను పూడ్చేస్తే నాలుగు చక్రాలూ నున్నటి ఉండలే. హైవే టైర్ల మీద ఎన్ని లాకులున్నా అక్కడ ఒరిగేది కొంచెమే.

బరువు ఎక్కితే ఇక్కడా కథ మారుతుంది. మూడో వరస నిండగానే వెనక స్ప్రింగులు కుంగుతాయి, వెనక బంపరు నేలకు దగ్గరవుతుంది. దిబ్బ దిగేటప్పుడు ముందుగా గీసుకునేది అదే. కానీ ఒక విశేషం ఉంది. స్కార్పియో-ఎన్‌లో, ఫార్చ్యూనర్‌లో వెనక ఇరుసు ఒకే దుంగ. డిఫరెన్షియల్ పెట్టె ఆ దుంగలోనే ఉంటుంది. కాబట్టి ఎంతమంది ఎక్కినా టైరు నొక్కుకుపోయినంత మేరే తప్ప దాని ఎత్తు తగ్గదు. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కుంగే ఎక్స్‌యూవీ700 లాంటి బండిలో నడుమభాగం జనంతో పాటే కిందికి వస్తుంది. దుంగ ఇరుసుకు తారు రోడ్డు మీద మాత్రం కుదుపు ఎక్కువ, పక్కకు ఊగే గుణమూ ఉంది. ఆ ఊపును ఆపడానికి మహీంద్రా వాళ్లు వాడింది జేమ్స్ వాట్ 1784లో తన ఆవిరియంత్రం కోసం కనిపెట్టిన కడ్డీల అమరిక. రెండు కడ్డీల మధ్య తిరిగే చిన్న మీట నడిబిందువు దాదాపు తిన్నటి గీత మీదే కదులుతుంది. వాట్‌కు ఆవిరియంత్రం కన్నా ఈ అమరిక అంటేనే ఎక్కువ గర్వమట.

వాగుల దగ్గర మాత్రం పెద్ద బండి ఇచ్చే ధైర్యమే ప్రమాదం. ఈ ఇంజిన్‌లో ఒక్కో సిలిండరు 546 సీసీ. పదహారో వంతుకు నొక్కితే మిగిలే చోటు 35 సీసీ చిల్లర, అంటే రెండున్నర టేబుల్ స్పూన్లు. గాలి గొట్టం గుండా అన్ని నీళ్లు లోపలికి పోతే చాలు, నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. తేలే లెక్క ఇంకా దారుణం. బండి అడుగు భాగం సుమారు 8 చదరపు మీటర్లు. అడుగును దాటి 30 సెంటీమీటర్ల నీరు చేరితే పైకి తోసే బలం 2,400 కిలోల బరువుకు సమానం, లోపలికి నీరు చేరనంతసేపూ. రెండు టన్నుల బండి చప్టా మీద తెప్ప అవుతుంది, ఏ చక్రానికీ నేల ఆనదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోకి వచ్చినప్పటి దృశ్యాలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

సామాను సంగతి. మూడో వరస సీటును మడవకుండా మనుషులకు ఉంచితే స్కార్పియో-ఎన్ డిక్కీలో ఒకటి రెండు చిన్న సంచులకే చోటు. ఏడుగురి పెట్టెలు టాపు మీదికి పోతాయి. చక్రాల మధ్య అడ్డదూరాన్ని గురుత్వకేంద్రం ఎత్తుకు రెండింతలతో భాగిస్తే వచ్చే అంకెను స్థిరత్వానికి కొలతగా అమెరికా రవాణా భద్రతా సంస్థ వాడుతుంది. మామూలు కార్లకు అది 1.3 నుంచి 1.5, ఎస్‌యూవీలకు 1.0 నుంచి 1.3. ఎంత తగ్గితే అంత సులువుగా బోల్తా. టాపు మీద వేసిన ప్రతి పెట్టే ఆ అంకెను ఇంకాస్త కిందికి లాగుతుంది.

నక్షత్రాల గురించి రెండు మాటలు. 2022 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఈ బండికి పెద్దల భద్రతలో 5, పిల్లల భద్రతలో 3 నక్షత్రాలు ఇచ్చింది. మరుసటి ఏడు ఆస్ట్రేలియా సంస్థ ఎఎన్‌క్యాప్ ఇచ్చింది సున్నా. రెండు సంస్థల్లో ఏదీ అబద్ధమాడలేదు. తనంతట తానే బ్రేకు వేసుకోవడం, వరస తప్పితే సర్దుకోవడం లాంటి పరికరాలకు ఆస్ట్రేలియా వాళ్లు మార్కులు వేస్తారు, ఆ బండిలో అవి లేవు. 2025లో ఇక్కడి పై వేరియంట్‌కు అలాంటివి చేర్చారు. నన్ను తొలిచే సంగతి మాత్రం వేరు. గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షలో పెద్దల బొమ్మలు ముందు సీట్లలో, పిల్లల బొమ్మలు రెండో వరసలో కూర్చుంటాయి. మూడో వరస ఖాళీ. మన ఇళ్లలో పిల్లల్ని తోసేది సరిగ్గా అక్కడికే. పక్క ఎయిర్‌బ్యాగు తెర అక్కడిదాకా వస్తుందా, బెల్టు భుజం మీదుగా సరిగ్గా పడుతుందా, తలకూ వెనక అద్దానికీ మధ్య ఎంత ఎడం ఉంది అన్నది కొనేవాళ్లే కూర్చుని చూసుకోవాలి.

చివరికి ఒక చిక్కుంది. ఈ బండిలో ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్‌తోనే ఇస్తున్నారు. ఏజెన్సీలోనో మెట్ట పొలాల మధ్యనో ఉంటూ దూరాలు తిరిగే కుటుంబానికి ఇబ్బంది లేదు, రెండూ కావలసినవే. హైదరాబాద్‌లో కాపురముంటూ వానాకాలంలో రెండు మూడుసార్లు సొంతూరి చేను గట్టు దాకా పోయేవాళ్లయితే నేను పెట్రోల్, టూ వీల్ డ్రైవ్ తీసుకోమంటాను. మిగిలిన డబ్బులో కొంత మంచి టైర్లకు పెట్టి, నేల మరీ మెత్తగా ఉన్న రోజున బండిని రోడ్డు మీదే ఆపి, చేను దాకా నడిచి వెళితే సరి.