పిచింగ్ కోచ్ కొలువు

2022 జూన్ చివర్లో ఒక రాజీనామా చూసి అమెరికా బేస్‌బాల్ లోకం నోరెళ్లబెట్టింది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో పై మెట్టయిన మేజర్ లీగ్ జట్టు మిన్నెసోటా ట్విన్స్ అప్పటికి తన డివిజన్‌లో అందరికంటే ముందుంది, సీజన్ ఇంకా సగంలోనే ఉంది. ఆ వేళ జట్టు పిచింగ్ కోచ్ వెస్ జాన్సన్ ఉద్యోగం వదులుకుని లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) జట్టుకు వెళ్లిపోయాడు. ఐపీఎల్ నడుస్తుండగా బౌలింగ్ కోచ్ యూనివర్సిటీ జట్టుకు మారిపోయినట్టే. ఇది వెర్రితనమా, లెక్కా అన్నది తేలాలంటే ముందు ఆ కొలువు సంగతి తెలియాలి.

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు పిచర్. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, 10 అంగుళాల ఎత్తున్న మట్టిదిబ్బ మీద నిలబడి విసురుతాడు. ఆటంతా అతని చెయ్యి చుట్టూనే తిరుగుతుంది. ఆ చేతిని తీర్చిదిద్దేవాడూ, కాపాడేవాడూ పిచింగ్ కోచే. హోదాలో మాత్రం అసిస్టెంటే. జట్టు గెలిస్తే పేరు హెడ్ కోచ్‌ది, పిచర్లు చేతులెత్తేస్తే మాట పడేది ఇతను.

ఈ నిచ్చెనలో కింది మెట్టు చాలాకాలం జీతంలేని మెట్టు. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అప్పటి నిబంధనల ప్రకారం పై అంచె అయిన డివిజన్-1 జట్టుకు హెడ్ కోచ్ కాక జీతమున్న అసిస్టెంట్లు ఇద్దరే. మూడోవాడు ‘వాలంటీర్’. పని అందరితో సమానం, జీతం సున్నా. వేసవి శిబిరాల్లో పిల్లలకు నేర్పి వచ్చిన డబ్బుతోనే చాలామంది ఇల్లు గడుపుకున్నారు. చివరికి వాళ్లు కోర్టుకెక్కారు. 2023 జూలై 1 నుంచి ఆ నిబంధన పోయింది. లక్షల డాలర్లు చేతులు మారే ఆటలో ఇన్నేళ్లు ఈ వెట్టిచాకిరీ నడవడమే విడ్డూరం.

కోచ్‌కు రోజువారీ పని మైదానం పక్కనుండే బుల్‌పెన్‌లో. పిచర్ ఒక బంతి విసరగానే అది ఎంత వేగంతో వెళ్లింది, ఎన్ని తిరుగులు తిరిగింది, ఎటు వంగింది అన్నీ టాబ్లెట్ మీద కనిపిస్తాయి. హైస్పీడ్ కెమెరాలో బంతి వేళ్లను వదిలే క్షణాన్ని ఆపి చూస్తారు. చూపుడువేలు కుట్టు మీద కాస్త పక్కకు జరిగితే చాలు, బంతి దారి మారిపోతుంది. అంకెలు యంత్రం చెబుతుంది. ఏ కుర్రాడికి ఎప్పుడు, ఎంత చెప్పాలో మాత్రం కోచ్‌కే తెలియాలి.

మ్యాచ్‌లో ఇంకో పని. చాలా కాలేజీ జట్లలో తర్వాతి బంతి ఏది వేయాలో జట్టు కూర్చునే డగౌట్‌లోంచి చెప్పేది ఈయనే. చేతిలో చిన్న మీటల పరికరం నొక్కితే, బంతి అందుకునే క్యాచర్ మణికట్టు పట్టీ మీద అంకె కనిపిస్తుంది. పిచర్ తడబడితే దిబ్బ దాకా నడిచి వెళ్లి నాలుగు మాటలు చెప్పొచ్చు. ఒకే ఇన్నింగ్స్‌లో ఒకే పిచర్ దగ్గరికి రెండోసారి వెళ్తే మాత్రం అతన్ని మార్చి తీరాలి.

అన్నిటికంటే బరువైన లెక్క మోచేతిది. లోపలివైపు లిగమెంటు తెగితే ఏడాదికి పైగా ఆట బంద్. దాన్ని బాగుచేయడానికి 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి చేసిన శస్త్రచికిత్సకు రోగి టామీ జాన్ పేరే స్థిరపడింది. నాలుగేళ్ల కాలేజీలో ఆడేవాడికి మూడేళ్లు పూర్తయినా, 21 ఏళ్లు నిండినా, మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ తలుపు తెరుచుకుంటుంది. ఆలోపు కోచ్‌కు గెలుపు కావాలి, కుర్రాడికి చెయ్యి మిగలాలి. ఈ రెండూ పొసగని రోజులే ఎక్కువ.

2023లో ఒమాహాలో జరిగిన కాలేజీల జాతీయ టోర్నీ కాలేజ్ వరల్డ్ సిరీస్ చూడండి, అప్పటికి ఎల్‌ఎస్‌యూ పిచింగ్ కోచ్ జాన్సనే. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి ఎల్‌ఎస్‌యూకు మారిన పాల్ స్కీన్స్ ఆ సీజన్‌లో 209 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. వేక్ ఫారెస్ట్‌పై 120 బంతులు విసిరి, 8 ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఫ్లోరిడాతో జరిగిన ఫైనల్స్ రెండో మ్యాచ్‌లో ఎల్‌ఎస్‌యూ పిచర్లు ఏకంగా 24 పరుగులిచ్చారు. పిచింగ్ కోచ్‌కు అంతకంటే కాళరాత్రి ఉండదు. మర్నాడే నిర్ణాయక మ్యాచ్. బంతి అందుకున్న థాచర్ హర్డ్ మొదటి ఇన్నింగ్స్‌లోనే హోమ్ రన్ ఇచ్చినా నిలదొక్కుకున్నాడు, 6 ఇన్నింగ్స్ వేశాడు. ఎల్‌ఎస్‌యూ 18-4తో గెలిచింది. ఆరోజు స్కీన్స్‌ను దింపే అవసరమే రాలేదు. కొద్దిరోజులకే డ్రాఫ్ట్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అతన్ని మొట్టమొదటి పేరుగా ఎంచుకుంది.

స్కీన్స్ ప్రతిభంతా కోచ్ ఖాతాలో వేయడం అన్యాయం. కానీ తర్వాతి కుర్రాడి తల్లిదండ్రులు చూసేది స్కీన్స్ పేరునే. కాలేజీ కోచ్ అసలు పెట్టుబడి అదే. మేజర్ లీగ్ కోచ్ ఇచ్చిన ఆటగాళ్లతో పనిచేస్తాడు, కాలేజీ కోచ్ తనకు కావాల్సినవాళ్లను తనే వెతికి తెచ్చుకుంటాడు. పైగా ట్విన్స్ ఇచ్చినదానికంటే ఎల్‌ఎస్‌యూ ఎక్కువే ఇచ్చిందని అప్పటి వార్తలు. కాబట్టి జాన్సన్‌ది వెర్రి కాదు, లెక్కే.

హైస్కూలు జట్టుతో మొదలైన మనిషి ఆయన, ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఒమాహా పని ముగించుకుని జార్జియా యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. డాలస్ బాప్టిస్ట్, మిసిసిపీ స్టేట్, అర్కాన్సా, ట్విన్స్, ఎల్‌ఎస్‌యూ, జార్జియా: 2015 నుంచి 2023 మధ్య ఆరు చోట్ల జీతం తీసుకున్నాడు. ఒక ఊళ్లో ఇల్లు కట్టుకుని స్థిరపడదామనుకునేవాళ్లు చేరాల్సిన కొలువు కాదిది.