వ్యాయామానంతరం మాంసకృత్తులు: డబ్బా పొడులా? వంటింటి దినుసులా?

వ్యాయామశాలలో చేరిన కుమారుడు నెల తిరగకుండానే ప్రోటీన్ పొడి డబ్బా కొనిపెట్టమని అడగడం నేడు అనేక గృహాలలో సామాన్యమైపోయింది. దాని వెల చూసి తండ్రి వెనుకాడుతాడు. మూత్రపిండాలు చెడిపోతాయేమోనని తల్లి భయపడుతుంది. ఆ పొడి లేనిదే కండ పెరగదని కుమారుని నమ్మకం. ఈ మూడింటిలో ఏది ఎంతవరకు నిజమో విచారించడం అవసరం.

శరీరంలో జరిగేదేమి?

బరువులు ఎత్తినప్పుడు కండరపు తంతువులలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. విశ్రాంతి సమయంలో శరీరం వాటిని బాగుచేసి, మునుపటికన్న దృఢంగా నిర్మించుకుంటుంది. దీనికి కావలసిన ముడిసరుకు మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు వెలువడే అమైనో ఆమ్లాలు. వీటిలో ‘లూసిన్’ అనేది కండర నిర్మాణాన్ని ప్రేరేపిస్తుంది.

తిన్న ఆహారం ముందు రసంగా, పిదప రక్తంగా, ఆ తరువాత మాంసధాతువుగా పరిణమిస్తుందనీ, దీనికంతటికీ జఠరాగ్ని మూలమనీ ఆయుర్వేదం చెబుతుంది. అగ్ని మందగించినవాడు ఎంత బలమైన పదార్థం తిన్నా అది ఒంటబట్టదు.

వ్యాయామం ముగిసిన అరగంటలోపే పొడి తాగాలనే నియమమేదీ లేదు. కండరాలు కనీసం ఒక రోజంతా పోషణను అధికంగా గ్రహించే స్థితిలో ఉంటాయి. కనుక దినమంతటిలో తిన్న మొత్తమే ముఖ్యం.

పొడులలో రకాలు

పాలలోని మాంసకృత్తులలో సుమారు 80 శాతం కేసిన్, 20 శాతం వే. పాలు విరిచినప్పుడు గడ్డకట్టే భాగం కేసిన్. తేట నీటిలో మిగిలేది వే. వే శీఘ్రంగా జీర్ణమవుతుంది, లూసిన్ కూడా ఇందులో అధికం. వ్యాయామానంతరం దీనిని ఎక్కువగా వాడడానికి కారణమిదే. ఇందులో ‘కాన్సన్‌ట్రేట్’ రకంలో పాలచక్కెర కొంత మిగిలి ఉంటుంది. పాలు పడనివారికి దీనివల్ల కడుపుబ్బరం, విరేచనాలు కలుగవచ్చు. ‘ఐసొలేట్’ రకంలో పాలచక్కెర అత్యల్పం. వెల మాత్రం అధికం.

కేసిన్ కడుపులో పెరుగువలె గడ్డకట్టి, కొన్ని గంటలపాటు నిదానంగా జీర్ణమవుతుంది.

సోయా పొడిలో అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ ఉన్నాయి. పాలు ముట్టనివారికి ఇది తగినది. బఠాణీ పొడిలో మిథియొనిన్, బియ్యపు పొడిలో లైసిన్ కొరతగా ఉంటాయి. రెండూ కలిపితే ఆ లోటు తీరుతుంది. మన పప్పన్నంలో ఉన్న రహస్యం కూడా ఇదే. కొల్లాజెన్ పొడిలో ట్రిప్టోఫాన్ లేనందున కండరవృద్ధికి అది అంతగా ఉపకరించదు.

ఎంత అవసరం?

ధాన్యమే ప్రధానమైన మన భోజనానికి, సాధారణ వ్యక్తికి కిలో బరువుకు దినానికి ఒక గ్రాము మాంసకృత్తులు చాలును. క్రమంగా బరువులెత్తేవారికి 1.2 నుండి 1.6 గ్రాములు కావలెను. అనగా 60 కిలోల యువకునికి 72 నుండి 96 గ్రాములు. దీనిని ఒక్కసారిగా కాక మూడు నాలుగు పూటలకు పంచుకొనవలెను.

వంటింటిలో దొరికేవి

పొడి ఒక కొలత చెంచాలో సాధారణంగా 20 నుండి 25 గ్రాముల మాంసకృత్తులుంటాయి. 50 గ్రాముల పుట్నాల పప్పులో సుమారు 11 గ్రాములు, గుప్పెడు (30 గ్రాములు) వేరుశనగ గుళ్ళలో 7, ఒక గ్లాసు పాలలో 6 నుండి 8, ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు లభిస్తాయి. పప్పు, పెరుగు ప్రతిపూటా ఉండే ఇంట మిగిలిన లోటు అంత పెద్దది కాదు.

పుట్నాలను మెత్తగా పొడిచేసి, చిక్కని మజ్జిగలో వేసి, జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు కలిపి తాగవచ్చు. పప్పుదినుసులలో పెసలు శ్రేష్ఠమని చరకుని మతం. అవి తేలికగా అరుగుతాయి. మినుములు బలకరమే గాని గురుగుణం గలవి. జీర్ణశక్తి చక్కగా ఉన్నవారే వాడవలెను. పన్నీరు తీయగా మిగిలిన తేట నీరు వే పొడికి సమానమని కొందరు భ్రమపడతారు. లీటరు నీటిలోనైనా పది గ్రాములకన్న తక్కువే ఉంటాయి. దానిని పారబోయక చపాతీ పిండి కలుపుకొనవచ్చు.

ఎవరు జాగ్రత్త వహించాలి?

ఆరోగ్యవంతులకు పైన చెప్పిన పరిమితిలో మాంసకృత్తులు మూత్రపిండాలను చెడగొడతాయనుటకు తగిన ఆధారం లేదు. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడగక అదనంగా ఏదీ తీసుకొనరాదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ముందుగా మూత్రపిండాల పరీక్ష చేయించుకొనుట మంచిది. ఆ వ్యాధి తొలిదశలో బయటపడదు.

కండ పెంచుకొనుటకు ప్రోటీన్ పొడులు వాడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో సూచించింది. ఆహారం చాలక కొనవలసివస్తే డబ్బాపై ఆహార భద్రతా సంస్థ అనుమతి సంఖ్య, చక్కెర పరిమాణం చూడవలెను.

శరీరబలంలో సగం మేరకే వ్యాయామం చేయమనీ, శ్వాస నోటిదాకా వచ్చినప్పుడు ఆపవలెననీ సుశ్రుతుడు చెప్పాడు. మితమైన శ్రమ, అరిగేంత ఆహారం, కంటినిండా నిద్ర: ఈ మూడూ లేనిచోట ఎంత ఖరీదైన పొడి అయినా కండగా మారదు. కుమారుడు డబ్బా అడిగిన రోజున, ముందు అతని కంచంలో పప్పు ఎంత ఉన్నదో చూడండి.