పెట్టెలో ఎండ: గడ్డపు తొండకు దీపముల అమరిక

ఉదయమున కంచెపై కదలక కూర్చున్న తొండ, ఎండ హెచ్చినకొలది చురుకై పురుగులను వేటాడును. మధ్యాహ్నమున పొదనీడకు చేరును. ఆ తొండ చేరిన అగామిడే కుటుంబమునకే చెందిన జంతువొకటి ఆస్ట్రేలియా మధ్యభాగమునందును, తూర్పున సముద్రమునకు దూరమైన ప్రాంతములందును గల వర్షములు తక్కువైన నేలలలో నివసించుచున్నది. దాని శాస్త్రనామము పొగోనా విట్టిసెప్స్. బెదరినపుడు గొంతు క్రింది ముండ్లవంటి పొలుసులను ఉబ్బించగా అవి గడ్డమువలె కనబడును. అందువలన ఆంగ్లమున దీనిని బియర్డెడ్ డ్రాగన్ అందురు. మనము గడ్డపు తొండ అందము. యూరప్, అమెరికా దేశములలో అనేకులు దీనిని ఇండ్లలో పెంచుచున్నారు.

ఎండలో బ్రతుకు ప్రాణిని పెట్టెలో ఉంచినపుడు ఆ ఎండను మనమే సమకూర్చవలెను. అందుకు ఒక్క బల్బు చాలదా? చాలదు. సూర్యుని నుండి దానికి అందునవి మూడు: వేడిమి, వెలుతురు, కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కొరవడినను ప్రాణికి కీడు కలుగును.

మొదట వేడిమి సంగతి. మన శరీరము తనకు కావలసిన వేడిని తానే పుట్టించుకొనును. గడ్డపు తొండ దానిని బయటినుండి గ్రహించును. దాని శరీరము సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వెచ్చబడనిదే తిన్న ఆహారము చక్కగా జీర్ణము కాదు. చల్లగా ఉన్నపుడు దాని చర్మము ముదురురంగు దాల్చి వేడిని ఎక్కువగా గ్రహించును. వెచ్చబడిన పిమ్మట రంగు లేతబడును. వేడి మితిమీరినచో నోరు తెరచుకొని యుండును, లేదా నీడకు పోవును. కనుక దానికి కావలసినది వేడి మాత్రమే కాదు. వేడిని విడిచిపోవుటకు తావు కూడ కావలెను.

ఇక అతినీలలోహిత కిరణములు. వీనిలో సుమారు 290 నుండి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గలవి చర్మములోని ఒక కొవ్వు పదార్థమును మార్చును. ఆ మారిన పదార్థము శరీరపు వెచ్చదనమువలన విటమిన్ డి3 అగును. తరువాత కాలేయములోను, మూత్రపిండములలోను అది మరల మార్పుచెంది, ప్రేగులు కాల్షియమును గ్రహించుటకు తోడ్పడును. ఈ విటమిన్ లోపించినచో రక్తమునకు కావలసిన కాల్షియమును శరీరము ఎముకలనుండి తీసికొనును. అప్పుడు దవడ మెత్తబడును, కాళ్లు వంకరపోవును, తుదకు ప్రాణమే పోవచ్చును.

ఇచట పలువురు పొరబడుదురు. గాజుపెట్టెను కిటికీ వద్ద ఉంచిన ఎండ తగులును గదా అని తలంతురు. వెలుతురును, వేడిమిని సాధారణపు గాజు లోనికి రానిచ్చును. కాని పైన చెప్పిన కిరణములను దాదాపు పూర్తిగా అడ్డగించును. పైగా ఎండ నేరుగా పడిన గాజుపెట్టె కొద్దిసేపటిలోనే కొలిమివలె కాగును. ప్రాణికి కావలసినది అందదు, అక్కరలేనిది మిక్కుటమగును.

పెట్టె సుమారు 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండుట మేలు. వేడినిచ్చు దీపమును ఒక కొనయందు పైన అమర్చి, దాని క్రింద ఒక రాతిని గాని కొయ్యను గాని ఉంచవలెను. ఆ రాతిపై 38 నుండి 42 డిగ్రీలు, రెండవ కొనయందు సుమారు 25 డిగ్రీలు ఉండునట్లు చూడవలెను. అతినీలలోహిత దీపము కూడ వేడి దీపమున్న కొనయందే పైనుండి ప్రసరించవలెను. ఏలననగా చర్మమునకు ఆ కిరణములును వెచ్చదనమును కలిసి అందవలెను. ప్రక్కనుండి ప్రసరించినచో కన్నులకు హాని. రెండవ కొన నీడగా ఉండవలెను. విద్యుత్తుతో కాగు కృత్రిమ శిలలు తగవు. వాటిపై పడుకొన్న ప్రాణికి పొట్ట కాలవచ్చును. పగలు 12 నుండి 14 గంటలు దీపములు వెలుగవలెను. రాత్రి చీకటి అవసరము. అప్పుడు వేడి 20 డిగ్రీలకు తగ్గినను ఆరోగ్యముగల ప్రాణికి బాధలేదు.

అతినీలలోహిత దీపము కాలక్రమమున బలము కోల్పోవును, కాని దాని వెలుతురు మునుపటివలెనే కనబడును. కావున కంటిని నమ్మక, ఆ కిరణములను కొలుచు పరికరముతో పరీక్షించవలెను. లేదా తయారుచేసినవారు చెప్పిన గడువునకు, అనగా సాధారణముగా 6 నుండి 12 నెలలకు, మార్చవలెను. దీపమునకు, ప్రాణికి నడుమ గల దూరమును కూడ గమనించవలెను. చిన్న దీపమునుండి దూరము రెండింతలైనచో కిరణముల బలము సుమారు నాలుగవవంతగును. నడుమ ఇనుప వల ఉన్నచో మరికొంత తగ్గును.

ఇందలి భౌతికశాస్త్రమును పాఠశాలలో పరిశీలించుటకు ఏ ప్రాణియు అక్కరలేదు. పొడవైన చెక్కపెట్టె ఒక కొనయందు 60 వాట్ల ఫిలమెంటు బల్బును చెక్కకు తగులకుండ వ్రేలాడదీసి, ఉపాధ్యాయుని సమక్షమున వెలిగించి, ప్రతి 15 సెంటీమీటర్లకు ఒక ఉష్ణమాపకమును ఉంచుడు. అరగంట తరువాత అంకెలను గ్రాఫు కాగితముపై గుర్తించుడు. ఆ గీత ఎంత ఏటవాలుగా దిగునో, ఆ పెట్టెలో నివసించు ప్రాణికి అంత ఎంపిక లభించును.