వంకాయ యేనుగు, గురివింద కన్ను: పిల్లల బొమ్మల గూర్చి అపోహలు – వాస్తవాలు

సర్వసిద్ధి రాయవరమను నిండు పేరు గలిగియు, కాగితములపైనను జనుల నోళ్ళయందును ఎస్. రాయవరముగా కుదించుకొనిపోయిన గ్రామమును చదువరులు గురజాడ అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21వ తేదీన జన్మించిన చోటుగా నెరుగుదురు. ఆ మండలమునందే వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకను దేశమంతయు లక్కబొమ్మల యూరుగా నెరుగును. (వాడుకభాషకై పోరాడిన మహనీయుని జన్మస్థలమును గూర్చి ఈ పాతకాలపు గ్రాంథికములో వ్రాయుట ఆయనకు నవ్వు తెప్పించెడిదేమో కాని, అలవాటుపడిన కలము వేరొక దారి పట్టదు.) 2017లో భౌగోళిక గుర్తింపు పొంది, 2025 గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటమెక్కి ఢిల్లీలో ఊరేగిన ఆ బొమ్మల పొరుగుననే, పసిబిడ్డలచేత ఇంటి సరుకులతో జంతువుల బొమ్మలు చేయించుటను గూర్చి పెద్దలలో పాతుకొనియున్న అపోహలు మిక్కిలి చిత్రమైనవి. భయపడ నక్కరలేని చోట వారు భయపడుదురు. భయపడవలసిన చోట నిశ్చింతగా నుందురు.

అన్నిటికంటె ముందు వినవచ్చు మాట, “బొమ్మలు చేయించవలెనన్న బజారునుండి రంగుకాగితములు, జిగురుసీసాలు, మెరుపుపొడులు తేవలెను, అంత ఖర్చు మనవల్ల నగునా?” యనునది. పట్టణపు బడులు పంపెడి సరుకుల పట్టీని చూచి ఈ భ్రమ పుట్టినది గాని, మన వంటయింటికిని పెరటికిని మించిన బొమ్మల కొట్టు లేదు. తొడిమ వంకరగా నున్న వంకాయకు నాలుగు చీపురుపుల్లల ముక్కలు గ్రుచ్చినచో అది నిలుచుండు ఏనుగగును, తొడిమయే తొండము. ఆ పుల్లలనే బంగాళాదుంపకు గ్రుచ్చినచో పంది. కొబ్బరిచిప్పను బోర్లించి అట్టముక్కలతో తలను, కాళ్ళను అంటించినచో తాబేలు. ఖాళీ అగ్గిపెట్టెలను దారముతో వరుసగా కట్టినచో నేలపై ప్రాకు గొంగళిపురుగు. చపాతీలు వత్తునప్పుడు తల్లి గిల్లి యిచ్చిన పిండిముద్ద ఒక క్షణము పామై, మరుక్షణము పిచ్చుకయై, తుదకు పెనముపై కాలి బిడ్డ కడుపులోనికే చేరును. కొబ్బరాకుతోను తాటాకుతోను చిలుకలను, చేపలను అల్లి యిచ్చు తాతలు పల్లెలలో ఇంకను గలరు. జిగురు కావలసినచో మైదాపిండిని నీటిలో ఉడికించిన చాలును; ఊరూర సినిమా గోడపత్రికలను గోడలకు నిలిపినది ఆ జిగురే. పారవేయు వస్తువులతో ఆటబొమ్మలు చేయుటను జీవితకార్యముగా బెట్టుకొన్న అరవింద్ గుప్తాగారిని 2018లో ప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించినది గదా! పొరుగుబిడ్డ బంగారు బండిని చూచి, తన మట్టిబండి నొల్లక యేడ్చిన రోహసేనుని శూద్రకుడు మృచ్ఛకటికమున చూపెను. వసంతసేన తన నగలతో ఆ మట్టిబండిని నింపి వానిని ఓదార్చెను. రసికులు ఆ ఘట్టమున వసంతసేన ఔదార్యమును మెచ్చుకొందురు. నాకు మాత్రము వేరొక సంగతి తోచును: ఆ బండిని దాసి రదనిక చేసి యిచ్చెను గాని బాలునిచేత చేయించలేదు, చేయించియున్నచో వాడంతగా ఏడ్చెడివాడు కాడేమో.

ఖర్చు సంగతి అట్లుండగా, ఇంతకంటె లోతుగా నాటుకొన్న భ్రాంతి పోలికను గూర్చినది. “మావాడు చేసినదానికి ఏనుగు పోలిక రాలేదండీ, చివరకు నేనే సరిచేసితిని” అని గర్వముతో చెప్పు తండ్రులును, బడి ప్రదర్శనమునకై రాత్రి మేల్కొని తామే బొమ్మ చేసి బిడ్డ పేరు వ్రాసి పంపు తల్లులును కొల్లలు. వీరొకమారు ఏటికొప్పాక పోయి, అచ్చటి ఏనుగును అరచేత నుంచుకొని నిదానముగా చూడవలెను. అంకుడుకర్రను ఎండబెట్టి, లేత్‌పై నెక్కించి, అది గిరగిర తిరుగుచుండగా ఉలి తాకించి మలచెదరు గనుక ఆ యంత్రమునుండి గుండ్రనిదే వచ్చును: గోళము, స్తంభము, శంకువు, గిన్నె వంటి ఆకృతులే. వానినే వేర్వేరుగా తీసి, ఒకదానికొకటి అతికి, ఇది దేహము, ఇవి కాళ్ళు, ఇది తల అనిపింతురు. ముడుతల చర్మము లేదు, గోళ్ళు లేవు, కన్ను ఒక చుక్క. అయినను దానిని చూచి ఏనుగు గాదనువాడు లేడు. పైనున్న మెరుపు కుంచెతో పూసిన రంగని పలువురు తలంతురు, అదియు నపోహయే. లక్కపురుగు స్రవించు లక్కను రంగుతో కలిపి కడ్డీలుగా చేసి, తిరుగుచున్న కర్రకు అదిమిపట్టగా, రాపిడి వేడికి కరిగి అది కర్రపై పరచుకొనును. పిమ్మట మొగలియాకుతో నునుపు చేయుదురు. రసాయనపు రంగుల వెల్లువలో ఈ పనికి మరల చెట్టుచేమల రంగులను తెచ్చి నిలిపిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది.

ఏండ్ల తరబడి చేయి తిరిగిన శిల్పియే పోలికను ఇంతగా వదలుకొనుచుండగా, నాలుగేండ్ల పసివానినుండి పోలికను కోరుట యేమి న్యాయము? మూడేండ్ల బిడ్డ మట్టిని పిసుకును, చరచును, చీల్చును, మనమడుగువరకు దానికి పేరు పెట్టడు. అడిగినచో కుక్క యనును, మరల నడిగినచో లారీ యనును. చేయి ముందు నడచుచుండగా తలపు వెనుక వచ్చు వయస్సది. మూడు నాలుగేండ్ల నడుమ పిల్లలు గీయు మనుష్యులకు తలనుండియే కాళ్ళు మొలచును, మొండెముండదు. దేశదేశముల బిడ్డలు ఈ విధముగా గీయుటను పరిశోధకులు గమనించియున్నారు. బాలల చిత్రములను దశలుగా విభజించి 1947లో గ్రంథము వెలువరించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్, వస్తువునకు ఒక స్థిరరూపము బిడ్డ మనస్సున కుదురుట సుమారు ఏడేండ్ల ప్రాయముననని నిర్ణయించెను. కనుక ఐదు కాళ్ళ ఆవును చేసిన బిడ్డ యెదుట ఒక కాలు విరిచి చూపవలసిన పని లేదు. ఐదవది యెందుకని యడిగినచో, “అది తన్నే కాలు” అనునట్టి జవాబేదో వచ్చును, దానికి మన వ్యాకరణములో ఖండనము లేదు.

“అక్షరములు దిద్దించవలసిన వేళ బంకమట్టి యేమిటి?” అను ప్రశ్న కొంత గౌరవముతో విచారింపదగినది, ఏలయన అడుగువారి కోరిక మంచిది. వారెరుగనిది చేతి నిర్మాణమును. మణికట్టులోని 8 ఎముకలును పుట్టుకనాటికి మృదులాస్థిగానే యుండి, ఒక్కొక్కటిగా గట్టిపడుచు, అన్నియు నేర్పడుసరికి పది పండ్రెండేండ్లు పట్టును. పెన్సిలును నిలుపవలసిన బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు అను మూడును మట్టిని గిల్లునప్పుడు, కాగితము చించునప్పుడు, పుల్ల గ్రుచ్చునప్పుడు కలిసి పనిచేయుట నేర్చుకొనును. మూడేండ్లకే గీతల పుస్తకము ముందు కూర్చుండబెట్టిన బిడ్డకు ఈ సాధనమే కొరవడును. 1837లో జర్మనీయందు శిశువులకై సంస్థ నెలకొల్పిన ఫ్రోబెల్ మట్టిపనిని, కాగితపు మడతలను పాఠములలోనే చేర్చెను. 1939లో అడయారునకు వచ్చిన మాంటిసోరి అమ్మ చేతిని బుద్ధికి సాధనముగా నెంచెను. మన 2020 జాతీయ విద్యావిధానము తొలి యేండ్ల చదువును ఆటపాటలపైననే నిలిపినది. ఇంత దూరము పోనేల? శ్రావణ బహుళ అమావాస్యనాడు ఉత్తర తెలంగాణపు పల్లెలలో మట్టి యెడ్లను చేసి పూజింతురు. ఆ యెడ్లను చేయుచు కూర్చున్న బిడ్డ కొమ్ము, మూపురము, గంగడోలు, గిట్ట అను మాటలను ఒక్క పూటలో నేర్చును, ఆవునకు పెద్ద మూపురమెందుకు లేదని కూడ అడుగును.

మట్టి ముట్టినచో రోగములు వచ్చుననువారి భయము పూర్తిగా అసత్యము గాదు. మలముచే కలుషితమైన మట్టినుండి ఏలికపాములు సంక్రమించుట నిజమే. దానికి విరుగుడు మట్టిని మానుట గాదు. పశువులు నిలుచుచోటునుండి గాక శుభ్రమైన చోటునుండి మట్టి తెచ్చుట, గోళ్ళు కత్తిరించుట, పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుట, ఏటేట ఫిబ్రవరి 10న జరుగు నులిపురుగుల నివారణ దినమున బడిలో ఇచ్చు ఆల్బెండజోల్ మాత్రను మ్రింగించుట చాలును. కత్తెర సంగతి యింకను తేలిక: నాలుగేండ్లకు మొన మొద్దుగా నున్న చిన్న కత్తెర చేతికియ్యవచ్చును, అంతకు ముందు చేతితో చించుటే మేలు.

ఇక భయపడవలసిన చోటునకు వత్తము. “ప్రకృతిలో దొరకునది బిడ్డకు హాని చేయదు” అను వాక్యము ఈ విషయములో ఎల్ల అపోహలకంటె అపాయకరమైనది. మట్టి వినాయకునికి కన్నులు పెట్టుటకు మన యిండ్లలో గురివింద గింజలను తరతరాలుగా వాడుచున్నారు. ఎర్రని మేనిపై నల్లని మచ్చతో కన్నుకు తగినట్టే యుండును గనుక, పిచ్చుకకును ఏనుగునకును అవే పెట్టుట సహజము. ఆ గింజలో అబ్రిన్ అను ఘోరవిషము గలదు. పైతొక్క చెదరక మ్రింగినచో అది పెక్కుసార్లు హాని చేయకయే బయటపడును గాని, కొరికినను, దారము గ్రుచ్చుటకై సూదితో తొలిచినను లోని విషమునకు దారి యేర్పడును. వాంతులు, రక్తవిరేచనములు కొన్ని గంటలకో మరునాటికో గాని కనబడకపోవచ్చును, కనుక ఏమియు కాలేదని ఇంట వేచియుండరాదు, ఉప్పునీరు త్రాగించి కక్కించరాదు, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆముదపు గింజలయందు రిసిన్ అను మరియొక విషము గలదు. గన్నేరు ఆకు, పచ్చగన్నేరు కాయ గుండెకు చేటు. జిల్లేడు పాలు కంట పడినచో కన్ను మంటలెత్తి చూపు మందగించును.

రంగుల మాటయు నిట్టిదే. పసుపునకు సున్నము కలిపి పారాణి యెరుపు తెప్పించుట పెద్దలకు వేడుక, కాని తడిసున్నము కంట చిందినచో నల్లగ్రుడ్డును కాల్చివేయును. మన దేశమున తాంబూలపు సున్నము వలన పసివారి కన్నులు పోవుటను నేత్రవైద్యులు పలుమారులు వ్రాసియున్నారు. పసుపునీట చిటికెడు వంటసోడా కలిపినను ఎర్రదనము వచ్చును, దానితోనే తృప్తిపడుడు. పూజకు వాడు సిందూరములో సీసము కలిసియుండవచ్చును. గోడల రంగులలోనే సీసమును 90 పీపీఎంకు మించరాదని కేంద్రము 2016లో నియమము చేసియుండగా, దేవుని పేటికలోనిదని దానిని బిడ్డ వ్రేళ్ళకు పూయుట తగదు. మైదా జిగురు పురుగుపట్టకుండ పుస్తకములు కుట్టువారు కలుపు మైలుతుత్తమును ఇంటి జిగురులో వేయరాదు. పిండిలో గుప్పెడేసి ఉప్పు కలిపి చేయు బొమ్మల ముద్ద వంటయింటిదే గదా యని తిననిచ్చినచో ఆ యుప్పే బిడ్డ రక్తమునకు విషమగును.

చివరిది వయస్సు సంగతి. కన్నునకు చింతగింజయో, బొత్తామో, మిరియమో అంటించుట ఐదేండ్ల బిడ్డకు వినోదము, రెండేండ్ల బిడ్డకు ఊపిరాడని యాపద. ఆటవస్తువుల పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసముగల గొట్టములో పట్టు ముక్కను మూడేండ్లలోపు వారికి తగనిదిగా నిర్ణయింతురు. ఇంట ఆ గొట్టము లేకపోయినను కొలబద్ద యుండును, దానితో కొలువుడు. చిన్నవారి బొమ్మలకు బొగ్గుతో చుక్క పెట్టిన చాలును. వినాయక చవితికై దాచిన గురివింద గింజల డబ్బా మీ యింట నున్నచో, తల్లిదండ్రులారా, దానిని నేడే తీసి బిడ్డల చేయి అందని పై యరలో తాళము వేసి ఉంచుడు. ఆ పిమ్మట వంకాయను, చీపురుపుల్లలను వారి చేతికిచ్చి మీరు ప్రక్కన ఊరక కూర్చుండుడు.