చిరువేరు ఎరుపు

బందరు చీటిగుడ్డకు, అంటే చేత్తో రంగులద్దిన నూలుబట్టకు, దేశదేశాల్లో గిరాకీ తెచ్చింది ఉతికినా పోని రంగు. పువ్వులూ తీగలూ కొనేవారి ఇష్టాన్ని బట్టి మారేవి. పర్షియాకు ఒక తీరు, సయాంకు మరో తీరు. యూరప్ వారికి ఎర్రనేల తగ్గించి తెల్లనేల మీద వేసేవారు. రంగు పట్టించే పద్ధతి మాత్రం ఎవరి బట్టకైనా ఒక్కటే.

ఆ పద్ధతికి ప్రాణం చిరువేరు, కోరమండల్ తీరంలోని ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. నిజాంపట్నం దగ్గర దొరికే వేరుకు మహా పేరు. 1618 నుంచి కొన్నేళ్లు బందరులో ఉన్న ఇంగ్లిష్ వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ కూడా దాని గొప్ప రాశాడు.

ముందుగా బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కకు పాకదు. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరవేసి తీసిన ద్రవంతో నల్లగీతలు వేస్తారు. ఎరుపు కావలసిన చోట పూసేది పటిక నీళ్లే. అప్పటికి బట్ట మీద ఎరుపు జాడ కూడా ఉండదు. చిరువేరుతో కలిపి మరిగిస్తే పటిక తగిలిన మేరకే ఎరుపు తేలుతుంది. మిగతా చోట అంటిన మరకను పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ పోగొడతారు. నీలం వద్దన్న చోటల్లా మైనం పూసి నీలిమందులో ముంచుతారు. పసుపు రంగు చివర్న. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ. ఇంతటి రసాయనశాస్త్రం చేతి అలవాటుగా తరాలు దాటింది.

డచ్చివారు 1605లో, ఇంగ్లిష్ వారు 1611లో గోల్కొండ రేవైన బందరుకు వచ్చారు. వారికి కావలసింది లవంగాలు, జాజికాయ. తూర్పు దీవుల వాళ్లు మాత్రం వాటికి బదులుగా కోరమండల్ బట్ట అడిగేవారు. తర్వాత ఆ బట్ట మోజు యూరప్‌నే పట్టుకుంది. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గోలపెట్టడంతో ఫ్రాన్స్ 1686లో నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతిని ఆపింది, 1721లో వాడకాన్నీ అడ్డుకుంది.

ఆ అద్దకం గుట్టు తెలుసుకునే ప్రయత్నాలూ సాగాయి. ఫ్రెంచ్ మతబోధకుడు కూర్దూ అద్దకం వాళ్లనడిగి తెలుసుకున్న పద్ధతినంతా 1742లో ఉత్తరంగా స్వదేశానికి రాశాడు. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన పండితుడాయన. 1869 నుంచి జర్మనీ కర్మాగారాల్లో చిరువేరులోని ఎర్రరంగు పదార్థమైన అలిజరిన్ కృత్రిమంగా తయారయ్యాక ఆ వేరు సాగు కుంగిపోయింది. నేడు బందరు దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దే బట్టను ఉడికించేదీ ఎక్కువగా అలిజరిన్‌లోనే.

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమండల్ చీటిగుడ్డలు భద్రంగా ఉన్నాయి. అలాంటి పాత గుడ్డల్లో పసుపు వెలిసిపోయి ఆకులు నీలంగా కనిపిస్తాయి. ఇనుము తిన్న నల్లగీతల చోట దారం పొడిపొడిగా రాలుతుంది. చిరువేరు ఎరుపు మాత్రం చెక్కుచెదరలేదు.