నెట్‌ వస్తుంది.. పక్క కంప్యూటర్‌ కనిపించదు!

చార్మినార్‌: పై అంతస్తులో శుభలేఖలు తయారుచేసే కంప్యూటర్‌. కింది అంతస్తులో ప్రింటర్‌ ఉన్న కంప్యూటర్‌. రెండింటిలోనూ ఇంటర్నెట్‌ నిక్షేపంగా పనిచేస్తుంటుంది. అయినా పైనున్న ఫైలు కిందికి చేరదు. ముద్రణాలయాలకు పేరొందిన ఛత్తాబజార్‌లోనూ, ఇంటివద్దే డీటీపీ పని చేసుకునే పాతబస్తీ గల్లీల్లోనూ పెళ్లిళ్ల కాలంలో ఈ చిక్కు వస్తే ఆ రోజు ఆదాయం పోయినట్లే. మెకానిక్‌ను పిలిచే ముందు కొన్ని పరీక్షలు వరుసగా చేసుకుంటే లోపం ఎక్కడుందో చాలావరకు ఇంట్లోనే తెలిసిపోతుంది.

ముందు చిరునామా చూడాలి

నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటర్‌కూ ఒక ఐపీ చిరునామా ఉంటుంది. స్టార్ట్‌ మెనూలో ‘సీఎండీ’ అని వెతికి, తెరుచుకున్న నల్లని తెరపై ‘ఐపీకాన్ఫిగ్‌’ అని ఆంగ్ల అక్షరాలలో టైపు చేయాలి. ‘ఐపీవీ4 అడ్రస్‌’ ఎదురుగా అది కనిపిస్తుంది. సాధారణంగా ఇంటి రౌటర్లలో మొదటి మూడు అంకెల భాగాలు రెండు కంప్యూటర్లలోనూ ఒకటే కావాలి. ఒకదానిలో 192.168.1.5, మరోదానిలో 192.168.0.8 అని ఉంటే అవి వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నట్లు. 169.254తో మొదలైతే రౌటర్‌ నుంచి చిరునామాయే అందలేదని అర్థం. అప్పుడు కేబుల్‌ను, వైఫై కనెక్షన్‌ను సరిచూడాలి.

రెండో రౌటరే అడ్డుగోడ

మందపాటి గోడలున్న పాత ఇళ్లలో వైఫై పై అంతస్తుకు అందక మరో రౌటర్‌ తగిలిస్తుంటారు. కింది నుంచి వచ్చిన కేబుల్‌ను దాని ‘వ్యాన్‌’ పోర్టుకు కలిపితే అది తనకంటూ మరో నెట్‌వర్క్‌ను ఏర్పరుస్తుంది. నెట్‌ రెండు చోట్లా వస్తుంది. కానీ కింది కంప్యూటర్‌ పైదానిని చేరలేదు. రెండో రౌటర్‌ సెట్టింగ్స్‌లో ‘యాక్సెస్‌ పాయింట్‌ మోడ్‌’ ఎంచుకుంటే రెండూ ఒకే నెట్‌వర్క్‌లోకి వస్తాయి. అతిథుల కోసం పెట్టిన ‘గెస్ట్‌’ వైఫైకి కలిపిన కంప్యూటర్లు కూడా సాధారణంగా మిగతావాటికి కనిపించవు.

విండోస్‌లో చూడవలసినవి

చిరునామాలు సరిగానే ఉంటే నెట్‌వర్క్‌ సెట్టింగ్స్‌లో ఇంటి కనెక్షన్‌ను ‘ప్రైవేట్‌’గా మార్చాలి. ‘నెట్‌వర్క్‌ డిస్కవరీ’, ‘ఫైల్‌ అండ్‌ ప్రింటర్‌ షేరింగ్‌’ ఆన్‌ చేయాలి. అప్పటికీ పేరు కనిపించకపోతే రన్‌ బాక్సులో రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి అవతలి కంప్యూటర్‌ ఐపీ చిరునామా ఇవ్వాలి. తెరుచుకుంటే దారి బాగున్నట్లే, పేరును గుర్తించడంలోనే లోపం ఉన్నట్లు. పాస్‌వర్డ్‌ అడిగితే అవతలి కంప్యూటర్‌ ఖాతా పేరు, పాస్‌వర్డ్‌ ఇవ్వాలి. తెర తెరవడానికి వాడే పిన్‌ ఇక్కడ చెల్లదు.

ఫైర్‌వాల్‌ తీసేయరాదు

తొందరలో కొందరు ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేస్తారు. మరికొందరు పాత కంప్యూటర్‌ కోసం ‘ఎస్‌ఎంబీ1’ అనే కాలం చెల్లిన షేరింగ్‌ పద్ధతిని ఆన్‌ చేస్తారు. 2017 మేలో ‘వాన్నాక్రై’ ఆ పద్ధతిలోని లోపాన్ని ఆసరా చేసుకునే ఒక కంప్యూటర్‌ నుంచి మరోదానికి పాకింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్‌ చేసింది. ఆంధ్రప్రదేశ్‌ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్‌ ఆ ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్‌ 10 వెర్షన్‌ నుంచి ఎస్‌ఎంబీ1 ముందుగా ఆన్‌ అయి ఉండడం లేదు. ఎక్స్‌పీ కంప్యూటర్‌కూ కొత్తదానికీ పొత్తు కుదరకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

అటువంటప్పుడు పాతదానికున్న ప్రింటర్‌ను విప్పి, డ్రైవర్‌ దొరికితే కొత్తదానికి కలుపుకోవడమే మేలు. ఒక్క శుభలేఖ కోసం ఇంటిల్లిపాది ఫైళ్లకూ ముప్పు తెచ్చుకోరాదు.